తల్లిదండ్రుల బృందం డబ్బు నా సొంత ఖాతాలో ఉంది, దీన్ని ఎలా వేరుచేయాలి?

ప్రశ్న: నయీంనగర్ తల్లి, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి హనుమకొండలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరో తరగతి చదువుతోంది. ఆ బడి పిల్లల తల్లిదండ్రులం కొందరం నాలుగేళ్లుగా ఒక బృందంగా పనిచేస్తున్నాం. బతుకమ్మ, బాలల దినోత్సవం, వార్షికోత్సవం వంటి వేడుకలకు సాయం చేయడం, గ్రంథాలయానికి పుస్తకాలు కొనడం, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ల పిల్లలకు నోటు పుస్తకాలు, బూట్లు ఇప్పించడం మా పని. పాత కోశాధికారి కొడుకు పదో తరగతి పూర్తిచేసి వెళ్లిపోయినందున జూన్ సమావేశంలో ఆ బాధ్యతను నాకు అప్పగించారు. అప్పగింత అంటే 11,240 రూపాయలు నా ఫోనుకు పంపించి, సగం పేజీలు ఊడిన ఒక నోటు పుస్తకం నా చేతిలో పెట్టడమే.

ఈ సంవత్సరం కుటుంబానికి 500 రూపాయల చొప్పున 142 కుటుంబాలు చందా ఇచ్చినట్లు నేను రాసుకున్నాను. వారిలో 118 మంది ఫోను ద్వారా నా సొంత పొదుపు ఖాతాకు పంపారు. మిగిలిన 24 మంది ఉదయం పిల్లలను గేటు దగ్గర దింపుతూ నగదు ఇచ్చారు. బతుకమ్మ వేడుకకు మొత్తం 38,650 రూపాయలు ఖర్చయింది. లెక్క ప్రకారం 43,590 రూపాయలు మిగలాలి. అయితే నా జీతం, గ్యాసు బండ, పాల బిల్లు, మా అత్తమ్మ మందులు అన్నీ ఆ ఖాతాలోనే కలిసిపోయి ఉన్నందున, ఫోనులోని జమలను, బీరువాలో స్టీలు డబ్బాలో పెట్టిన నగదును ముందేసుకుని మూడు రాత్రులు కూర్చున్నా నాకు లెక్క తేలలేదు. పైగా ముగ్గురు తల్లులు తామూ చందా ఇచ్చామంటున్నారు. వారి పేర్లు నా పుస్తకంలో లేవు. గత వారం వాట్సాప్ గుంపులో ఒకరు "మేడం, లెక్క ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు, అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సంఘాన్ని రిజిస్టర్ చేయకుండా బ్యాంకు ఖాతా తెరవగలమా? సంతకాలు ఎవరికి ఉండాలి? చౌరస్తాలో తంగేడు, గునుగు పూలు అమ్మే వాళ్లు బిల్లు ఇవ్వరు కదా, ఆ ఖర్చుకు ఆధారం ఏమిటి? డాలస్‌లో ఉంటున్న మా ఆడపడుచు గ్రంథాలయానికి 500 డాలర్లు ఇస్తానంటోంది, దాన్ని తీసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సుబేదారి

అమ్మా, ముందుగా ఒక మాట. మీరు తప్పు చేయలేదు, కానీ తప్పు జరిగినా జరగకపోయినా నిరూపించుకోలేని చోట నిలబడ్డారు. ముప్పై ఏళ్లకు పైగా కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇటువంటి బృందాలలో దొంగతనం కంటే కలగాపులగమే ఎక్కువ. సొంత ఖాతాలో పెట్టిన సొమ్ము బ్యాంకు దృష్టిలో మీ సొమ్మే. ఆ జమలన్నీ మీ పాన్ కింద నమోదవుతాయి. భగవంతుడు మిమ్మల్ని చల్లగా చూడాలి గానీ, రేపు ఏదైనా జరగరానిది జరిగితే బ్యాంకు ఆ మొత్తాన్ని మీ నామినీకి ఇస్తుంది తప్ప బృందానికి ఇవ్వదు. ఆ 43 వేల కోసం మీ ఇంటివారిని అడగాల్సిన పరిస్థితి బృందానికి రాకూడదు, వారికీ రాకూడదు.

రిజిస్టర్ కాని సంఘానికి కూడా ఖాతా తెరవడానికి రిజర్వు బ్యాంకు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) నిబంధనలలో వీలుంది. సంఘం పేరిట పాన్, ఖాతా తెరవాలన్న తీర్మానం, ఖాతా నడిపేవారికి ఇచ్చిన అధికారపత్రం, వారి గుర్తింపు పత్రాలు, సంఘం నిజంగా ఉన్నదని తెలిపే ఆధారాలు అడుగుతారు. అయితే ఇటువంటి సంఘానికి పొదుపు ఖాతా కాకుండా కరెంటు ఖాతా తెరవమని శాఖలో చెప్పే అవకాశం ఎక్కువ. సొసైటీగా రిజిస్టర్ అయిన సంఘం మాత్రం పొదుపు ఖాతాకు అర్హమైనదే. కరెంటు ఖాతాకు వడ్డీ రాదు, కనీస నిల్వ ఎంత ఉంచాలో బ్యాంకును బట్టి మారుతుంది కనుక రెండు మూడు శాఖలలో విచారించి వెళ్లండి.

తీర్మానం ఎలా రాయాలో చాలామందికి తెలియక బ్యాంకుకు నాలుగుసార్లు తిరుగుతారు. మినిట్స్ పుస్తకంలో ఇలా రాస్తే సరిపోతుంది: "ఫలానా తేదీన పాఠశాల ఆవరణలో జరిగిన సర్వసభ్య సమావేశంలో, సంఘం పేరిట ఫలానా బ్యాంకు ఫలానా శాఖలో ఖాతా తెరవాలనీ, అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ఈ ముగ్గురిలో ఏ ఇద్దరైనా ఉమ్మడిగా సంతకం చేసి ఆ ఖాతాను నడపాలనీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." దాని కింద హాజరైనవారందరి సంతకాలు ఉండాలి. ఆ ముగ్గురిలో భార్యాభర్తలు గానీ, అక్కాచెల్లెళ్లు గానీ ఇద్దరు ఉండకుండా చూసుకోండి. రెండు సంతకాలు ఒకే ఇంటివైతే ఒక సంతకం కిందే లెక్క.

ఇద్దరు కలిసి నడిపే ఖాతా నుంచి యూపీఐ ద్వారా చెల్లింపులు చేయడం మామూలుగా కుదరదు. చందాలు ఆ ఖాతాకు నేరుగా వస్తాయి, ఖర్చులు మాత్రం చెక్కు ద్వారానో, ఇద్దరూ సంతకం చేసిన బదిలీ పత్రం ద్వారానో వెళ్లాలి. ఇది మీకు తలనొప్పిగా అనిపించవచ్చు గానీ, రెండో సంతకం కోసం ఎదురుచూసే ఆ ఒక్క రోజులోనే అనవసరపు ఖర్చులు సగం ఆగిపోవడం నేను చూశాను. చిల్లర ఖర్చులకు మూడు వేలకు మించకుండా నగదు మీ దగ్గర ఉంచుకోండి, అది అయిపోయాక వోచర్లు (ఖర్చు చీటీలు) చూపించి మళ్లీ మూడు వేలు తీసుకోండి. చెక్కు గడువు మూడు నెలలే కనుక, టెంటు యజమానికి ఇచ్చిన చెక్కు అతను బ్యాంకులో వేశాడో లేదో నెలకోసారి స్టేట్‌మెంటులో చూసుకోండి. లేకపోతే ఖాతాలో ఎక్కువ ఉన్నట్లు కనిపించి, ఆ సొమ్మును మరోదానికి ఖర్చుపెడతారు.

ఇప్పటి చిక్కుకు ఒకటే మార్గం. నగదును, బ్యాంకును కలిపి లెక్కపెట్టకండి. పుస్తకంలో రెండు గడులు గీయండి, ఒకటి డబ్బాలోకి వచ్చిపోయిన నగదుకు, ఇంకొకటి ఖాతాలోకి వచ్చిపోయిన సొమ్ముకు. ఏ గడికి ఆ గడి విడిగా తేల్చండి. తేడా వస్తే మాత్రం మీ చేతి నుంచి వేసి సరిచేయవద్దు, ఎక్కువైతే తీసుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు "తేడా" అని రాసి సమావేశంలో చదవండి.

సమాధానం: కరీంనగర్ తండ్రి

నా అభిప్రాయం కొంచెం వేరు. అసలు డబ్బే వసూలు చేయకండి. మా పిల్లల బడిలో రెండేళ్ల క్రితం ఇదే విధంగా వసూలు చేస్తే, సౌండ్ సిస్టం వాడికి ఇచ్చిన 5,000 అడ్వాన్సుకు చీటీ లేక, ఇచ్చానని ఒకరు, తీసుకోలేదని మరొకరు అని, చివరికి పదేళ్ల స్నేహం ఉన్న రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. అప్పటి నుంచి మేము తరగతికి ఒక బాధ్యత చొప్పున పంచుకుంటున్నాం. ఏడో తరగతి వాళ్లు పూలు తెస్తారు, ఎనిమిదో తరగతి వాళ్లు సత్తు, మలీద చేసి తెస్తారు, టెంటు ఖర్చు పాఠశాల యాజమాన్యమే భరిస్తుంది. లెక్క లేదు, లొల్లి లేదు.

ఇంకొక మాట. మీది ప్రైవేటు బడి అంటున్నారు. చందా స్వచ్ఛందమని గట్టిగా రాసిపెట్టండి. విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ప్రకారం ప్రవేశ సమయంలో క్యాపిటేషన్ ఫీజు (బడి ప్రకటించిన ఫీజు కాకుండా అడిగే విరాళం) వసూలు చేయడం నిషిద్ధం. మీ బృందం చందాను యాజమాన్యం ప్రవేశాల దగ్గర అడగడం మొదలుపెడితే చెడ్డపేరు మీకే వస్తుంది.

సమాధానం: హుజూరాబాద్ అక్క, గ్రామ సంఘం లెక్కలు రాసే అనుభవం ఉంది

కరీంనగర్ అన్న చెప్పింది చిన్న బడికి సరిపోతుంది గానీ, బూట్లు, నోటు పుస్తకాలు ఇప్పించే పనికి డబ్బు లేకుండా కుదరదు. ఏ పిల్లకు ఇప్పిస్తున్నారో తరగతి అంతటికీ తెలిసేలా వస్తువులు పోగుచేయడం కంటే, ఎవరికీ తెలియకుండా ఇవ్వడానికి ఒక నిధి ఉండటమే ఆ పిల్లకు గౌరవం.

అక్కా, మీరు పెద్ద పెద్ద పుస్తకాలు వెతకవద్దు, మన ఊళ్లలో మహిళా పొదుపు సంఘాలు నడిచే పద్ధతినే తీసుకోండి. అక్షరం రాని సభ్యురాలు కూడా తన పొదుపు ఎంతో నోటితో చెప్పగలదు, ఎందుకంటే ప్రతి సమావేశంలో లెక్క బిగ్గరగా చదువుతారు. పోయిన నెల నిల్వ, ఈ నెల వచ్చింది, పోయింది, చేతిలో ఉన్నది, బ్యాంకులో ఉన్నది అని ఈ ఐదు అంకెలు చదివి, సంతకాలు చేయించి, పుస్తకం మూసేస్తారు. మీరు ఆ ఐదు అంకెలను నెలకోసారి వాట్సాప్‌లో పెట్టండి, ఎవరూ అడగకముందే పెట్టండి. అడిగిన తర్వాత పెట్టిన లెక్క సంజాయిషీలా కనిపిస్తుంది.

పూల సంగతికి వస్తే, చౌరస్తాలో పొద్దున నాలుగింటికి గంపలు దించే అవ్వ మీకు జీఎస్టీ బిల్లు ఎక్కడి నుంచి ఇస్తుంది? అచ్చు వేయించిన వోచర్ పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లండి. తేదీ, ఏమి కొన్నారు, ఎంత, ఎందుకు అన్నవి మీరే రాసి, ఆమె సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆమె ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు, అటువంటప్పుడు మీతో వచ్చిన మరొక తల్లి "నా ఎదుట చెల్లించారు" అని సంతకం చేస్తుంది. అందుకే కొనుగోలుకు ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి. మేము గంపల ఫొటో కూడా తీసి వోచరు వెనుక తేదీ రాసేవాళ్లం. ఒకసారి పూలు 2,300 అయ్యాయంటే నమ్మని పెద్దమనిషి ఒకాయన, తొమ్మిది గంపల ఫొటో చూసి మరో మాట మాట్లాడలేదు.

చందా రశీదు పుస్తకానికి వరుస సంఖ్యలు ఉండాలి, ఒక ప్రతి ఇచ్చినవారికి, ఒక ప్రతి పుస్తకంలో. రశీదు పాడైతే చించేయకుండా "రద్దు" అని రాసి రెండు ప్రతులూ అందులోనే ఉంచాలి. గేటు దగ్గర పిల్లను దింపే తొందరలో రశీదు రాయలేం అనిపిస్తే, గేటు దగ్గర నగదు తీసుకోవడమే మానేయండి. మీ ముగ్గురు తల్లుల సమస్య అక్కడే పుట్టి ఉంటుంది.

సమాధానం: ప్రభుత్వ ఉపాధ్యాయుడు, పరకాల

చర్చ ప్రైవేటు బడి గురించి అయినా, ప్రభుత్వ బడుల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు కనుక ఒక తేడా చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం పొందే) బడులలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. దాని సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు కావాలి. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడులకు ఈ సెక్షను వర్తించదు. అందువల్ల మీ బృందానికి ఆ చట్టం కింద ఏ హోదా లేదు, మీ నియమాలు మీరే రాసుకోవాలి.

మా బడిలో 84 మంది పిల్లలున్నారు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం మార్గదర్శకాల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సంవత్సరానికి 25,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు (బడి నిర్వహణ ఖర్చులకు ఇచ్చే సొమ్ము) ఉంటుంది, 101 నుంచి 250 మంది ఉంటే 50,000. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు ఖర్చుచేయాలి. ఈ గ్రాంటు లెక్క ప్రభుత్వానిది, దాని తనిఖీ పద్ధతి వేరు. తల్లిదండ్రులో, పూర్వ విద్యార్థులో ఇచ్చిన చందాను ఆ ఖాతాలో కలపరాదు. సుద్దముక్కల బిల్లు గ్రాంటులో రాయాలా, చందాలో రాయాలా అన్న సందేహం ఒకసారి మొదలైందంటే ఏ బిల్లూ తేలదు.

వస్తురూపంలో ఇచ్చేవారికి నాదొక విన్నపం. నేను ఇదివరకు పనిచేసిన ఒక బడికి తల్లిదండ్రులు నాలుగు ఫ్యాన్లు కొనిచ్చారు, ఫొటోలు దిగారు, వెళ్లారు. స్టాకు రిజిస్టరులో ఎవరూ ఎక్కించలేదు. రెండేళ్లకు రెండు ఫ్యాన్లే మిగిలాయి. మిగతావి మరమ్మతుకు పోయాయో, పక్క బడికి పోయాయో చెప్పే కాగితం లేదు. ఏ వస్తువు ఇచ్చినా ఆ రోజే స్టాకు రిజిస్టరులో క్రమసంఖ్య వేయించి, ఆ సంఖ్యను వస్తువు మీద రంగుతో రాయించి, ప్రధానోపాధ్యాయుల రసీదు మీ ఫైలులో పెట్టుకోండి. ప్రైవేటు బడికి పుస్తకాలు కొనిచ్చినా ఇదే వర్తిస్తుంది. సంతకాల విషయంలో మాత్రం, ముగ్గురిలో ఒకరుగా ప్రిన్సిపాల్ ఉంటే బాధ్యత పెరుగుతుందని నా అభిప్రాయం.

సమాధానం: ఆడిటరు, హనుమకొండ

రిజిస్ట్రేషన్ గురించి సూటిగా చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే ఇప్పుడు తెలంగాణలోనూ అమలులో ఉంది. కనీసం ఏడుగురు సభ్యులు, సంఘం ఆశయాలు తెలిపే మెమొరాండం, నియమావళి ఉంటే జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసుకోవచ్చు. నమోదు సులభమే, దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు సమర్పించాలి, లెక్కలు తనిఖీ చేయించాలి. మీ పిల్లలు బడి మారితే కార్యవర్గం మారుతుంది, ఆ మార్పు కాగితాల మీద జరగదు. వెళ్లిపోయిన తల్లిదండ్రుల పేర్లే అధ్యక్షులుగా మిగిలిన సంఘాలు నా దగ్గరకు తరచుగా వస్తాయి, పదేళ్ల కిందటి అధ్యక్షుడి సంతకం కోసం మంచిర్యాల దాకా వెళ్లినవారూ ఉన్నారు. ఏడాదికి 70, 80 వేలు తిరిగే వేడుకల బృందానికి ఇప్పుడే రిజిస్ట్రేషన్ అవసరం లేదని నేను అనుకుంటున్నాను. లక్షలలో విరాళాలు తీసుకుని గది కట్టించాలనో, స్కాలర్‌షిప్ నిధి పెట్టాలనో అనుకున్న రోజున తప్పక చేయించండి.

సొసైటీ రిజిస్టర్ కాగానే పన్ను మినహాయింపు వస్తుందనుకోవడం పొరపాటు. సంఘం ఆదాయానికి మినహాయింపు కోసం ఒక నమోదు, దాతలకు మినహాయింపు కోసం మరొక ఆమోదం ఆదాయపు పన్ను శాఖ నుంచి విడిగా పొందాలి. వీటినే అందరూ 12ఏ, 80జీ అని అంటుంటారు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారినందున దరఖాస్తులో పాత అంకెలు చూసి రాయకండి. ఆ ఆమోదం ఉన్నా, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు మినహాయింపు రాదు. ఆమోదం లేకుండా రశీదు మీద "80జీ వర్తించును" అని అచ్చు వేయించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

టెంటు, భోజనాల వంటి వాటికి 5,000 దాటిన నగదు చెల్లిస్తే, తీసుకున్నవారు ఇచ్చే రశీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దానిపై సంతకం చేయించుకోండి.

మీ ఆడపడుచు ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొత్తం చర్చలో ప్రమాదకరమైనది అదే. ఆమె ఇప్పటికీ భారత పాస్‌పోర్టు కలిగి ఉండి, తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆమె అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఆ సొమ్ము విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీ బృందం తీసుకోరాదు. నమోదు ఉన్నవారు సైతం ఆ సొమ్మును మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే తెప్పించుకోవాలి. మీకు బంధువు కదా అని మీ ఖాతాకు పంపించుకుని బృందానికి మళ్లించే ఉపాయం ఎవరైనా చెబితే వినకండి. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఆమె మీ అమ్మాయికి పుస్తకాలు కొనిపెట్టవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

సమాధానం: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సుబేదారి

పరకాల మాస్టారుతో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయులు ప్రజలకు జవాబుదారీ కలిగిన ఉద్యోగి. ప్రైవేటు బడిలో ప్రిన్సిపాల్ యాజమాన్యం నియమించిన మనిషి. రేపు యాజమాన్యం "వార్షికోత్సవం ఖర్చు మీ నిధి నుంచి ఇవ్వండి" అంటే ఆయన కాదనలేరు. సంతకం తల్లిదండ్రులకే ఉండాలి, ప్రిన్సిపాల్‌కు నెలవారీ లెక్క ప్రతిని పంపితే చాలు.

ప్రశ్న అడిగిన తల్లి, పది రోజుల తర్వాత

అందరికీ ధన్యవాదాలు. సుబేదారి సార్ చెప్పినట్లు రెండు గడులు గీసి కూర్చుంటే ఒక్క సాయంత్రంలో తేలింది. ఖాతా గడిలో వెయ్యి రూపాయలు ఎక్కువ కనిపించాయి. స్టేట్‌మెంటు వరుసగా చూస్తే, ఆ ముగ్గురు తల్లులలో ఒకరి చందా వాళ్ల మామగారి ఫోను నుంచి, ఇంకొకరిది తమ్ముడి ఫోను నుంచి వచ్చింది. ఆ పేర్లు నాకు తెలియక ఎవరో అనుకుని వదిలేశాను. నగదు గడిలో 24 మంది ఇచ్చిన 12,000 నుంచి ఖర్చైన 9,850 తీసేస్తే 2,150 ఉండాలి. డబ్బాలో 2,650 ఉన్నాయి. మూడో ఆమె నిజంగానే నా చేతికి 500 ఇచ్చారు, నేనే రాయలేదు. ఆమెకు ఫోను చేసి క్షమించమని అడిగాను.

ఆదివారం సమావేశంలో మొత్తం లెక్క చదివాను. నిల్వ 45,090 రూపాయలు, అందులో ఖాతాలో 42,440, చేతిలో 2,650. గుంపులో నన్ను లెక్క అడిగినాయనే మూడో సంతకం చేయడానికి ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్ ప్రస్తుతానికి వద్దని తీర్మానించాం. సంఘం పేరిట పాన్‌కు దరఖాస్తు చేశాం, అది రాగానే బ్యాంకుకు వెళతాం. ఖాతా తెరిచే వరకు కొత్త చందాలు తీసుకోవద్దని నిర్ణయించాం. మా ఆడపడుచు పోయిన ఏడాదే అక్కడి పౌరసత్వం తీసుకుందట, కాబట్టి ఆ సంగతి అక్కడితో ముగిసింది.

హుజూరాబాద్ అక్కా, వోచర్ పుస్తకం మాత్రం ఈ రోజే అచ్చుకు ఇచ్చాను. వరుస సంఖ్యలు ఒకటి నుంచి మొదలుపెట్టించాను.